మూలనపడ్డ నాన్న కారు: నడిపించుకోవడమా, మొత్తం విప్పించడమా, ఉన్నదున్నట్టు ఉంచడమా?

పద్నాలుగేళ్లు షెడ్డులో నిలబడిన కారు తలుపు తీస్తే ముందు తగిలేది వాసన. పాత రెగ్జిన్, ఎలుకలు, ట్యాంకు అడుగున జిగురులా మిగిలిన పెట్రోలు ఘాటు, మూడూ కలిసిపోయి ఉంటాయి. నాన్న పోయాక ఆ కారు జోలికి ఎవరూ వెళ్లలేదు. అన్నయ్యా నేనూ తలుపు తీసిన రోజు డ్యాష్‌బోర్డు అరలో ఆయన లెక్కల పుస్తకం దొరికింది. తేదీ, కిలోమీటర్లు, పోయించిన లీటర్లు, ఆయన చేతిరాతలో. దాన్ని తిరగేస్తూ పావుగంట కూర్చున్నాం. తర్వాత అన్నయ్య అన్న మొదటి మాట: "ఒరేయ్, మొత్తం విప్పించేద్దాం. షోరూమ్ నుంచి వచ్చినట్టు చేయించేద్దాం."

సరిగ్గా ఆ మాట దగ్గరే చాలా ఇళ్లలో కారు కథ అడ్డం తిరుగుతుంది. షెడ్డులో పడి పాడైన కార్ల కంటే, ఉత్సాహంగా విప్పేశాక అట్టపెట్టెల్లో పోయిన కార్లే నేను ఎక్కువ చూశాను. తలుపులు గోడకి ఆనించి ఉంటాయి, సీట్లు అటకెక్కుతాయి, ఇంజన్ ఎవరో మేస్త్రీ దగ్గర ఉండిపోతుంది, బోల్టులు పేరు రాయని డబ్బాల్లో కలిసిపోతాయి. మూడేళ్ల తర్వాత ఏది ఎక్కడిదో విప్పినవాళ్లకే గుర్తుండదు.

అందుకే నా సలహా ముందే చెప్పేస్తున్నాను. ముందు క్షేమంగా నడిచే స్థితికి తెండి, ఒక ఏడాది నడపండి, పెయింటూ సీట్లూ మెరుపులూ ఆ తర్వాత ఆలోచించండి. ఈ సలహా చెల్లనిది ప్రధానంగా ఒక్క చోట, అడుగంతా తుప్పు తినేసిన కారు విషయంలో.

ముందు కిందికి దూరి చూడండి

ఏ దారి పట్టాలో ఇంజన్‌ని అడిగి లాభం లేదు. అది ఎంత జామైపోయినా విప్పి, బోరు చేయించి, పిస్టన్లు మారిస్తే మళ్లీ తిరుగుతుంది. అసలు సంగతి చెప్పేది అడుగుభాగం. కారు కడగకముందే పాత బట్టలు వేసుకుని, టార్చి, మొద్దుబారిన స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం పట్టుకుని కింద చూడండి. ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందికి మాత్రం తల పెట్టొద్దు, గట్టి స్టాండ్లు పెట్టాకే.

తలుపుల కింద పొడుగునా ఉండే సిల్లులు, జాకీ పెట్టే చోట్లు, వెనక స్ప్రింగు పట్టీలు బాడీకి తగులుకునే హ్యాంగర్లు, ముందు తలుపు బందుల దగ్గరి స్తంభం అడుగు, కాళ్ల కింద ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ గుంట. తుప్పు దాక్కునేది వీటిలోనే. స్క్రూడ్రైవరు పిడితో తడితే మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. మొనతో నొక్కితే దిగిపోయిందంటే అక్కడ మిగిలింది పెయింటు పొర మాత్రమే. పైకి నున్నగా ఉన్నా అయస్కాంతం పట్టుకోలేదంటే ఎవరో ఎప్పుడో పుట్టీ మెత్తి రంగేశారు.

ఛాసిస్ విడిగా, బాడీ విడిగా ఉన్న కార్లలో రేకు కొంత పోయినా బరువు మోసేది ఛాసిస్సే. విడిగా ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోసే మోనోకాక్ కార్లలో ఆ సిల్లులూ ఫ్లోరే ఎముకలు. మా కారుకి ఎడమ సిల్లు వెనక చివర అరచెయ్యంత మేర పోయింది. దాన్ని కోసే ముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనప బద్దెలు వెల్డింగ్ చేయించాం. ఆ ఊతం లేకుండా కోస్తే బాడీ కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది, కొత్త సిల్లు ఆ కుంగిన కొలతకే అతుక్కుంటుంది, ఇక ఆ తలుపు ఎన్నిసార్లు సర్దినా సరిగా పడదు. వెల్డింగ్ చేసే మనిషి ఈ బద్దెల మాట తనంతట తాను ఎత్తకపోతే వేరే మనిషిని వెతుక్కోండి.

తుప్పు పైపైన ఉంటే ఏ దారైనా మీ ఇష్టం. ఒకటి రెండు చోట్ల చిల్లులు పడితే అక్కడ వెల్డింగ్ చేయించి నడుపుకోవచ్చు. హ్యాంగర్లు, సిల్లులు, స్తంభాలు అన్నీ పోయి ఉంటే మాత్రం పూర్తిగా విప్పించడమో, ఎవరికైనా ఇచ్చేయడమో. అలాంటి దానికి ఇంజన్ బాగుచేసి రోడ్డెక్కించడం ప్రమాదం.

ఉన్నదున్నట్టు ఉంచడం

ఇది ఏమీ చేయకపోవడం అనుకుంటారు చాలామంది. నిజానికి ఓపిక బాగా కావాలి. తేమ తగలకుండా చూడాలి, తుప్పు ఇంకా పాకకుండా ఆపాలి, ఎలుకల గూళ్లు తీయాలి, చిరిగిన సీటు కవరు మార్చకుండా చిరిగినచోటే కుట్టించాలి. కంపెనీ వేసిన అసలు పెయింటు, అసలు సీట్లు, కొన్నప్పటి కాగితాలు ఇంకా ఉన్న కారుకి ఇదే మంచిది. వెలిసిన పెయింటుని పాలిష్ పెట్టి కాపాడుకోవచ్చు. గీకేస్తే అది ఇక తిరిగి రాదు.

పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, 1966లో ఏర్పడింది. కనీసం 30 ఏళ్లు నిండి, చారిత్రకంగా సరైన స్థితిలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడనిదాన్నే అది చారిత్రక వాహనం అంటుంది. పాత వాహనాలని ఎలా చూసుకోవాలో చెప్పే దాని సూత్రాల పత్రం, ట్యూరిన్ చార్టర్ కూడా కొత్తగా చేయడం కంటే ఉన్నదాన్ని కాపాడటానికే పెద్దపీట వేస్తుంది. తళతళలకి పేరుపడ్డ, అమెరికాలో జరిగే పెబుల్ బీచ్ పాత కార్ల పోటీల్లో సైతం 2001 నుంచి, రెస్టోర్ చేయని కార్లకి విడిగా ఒక తరగతి ఉంది. అంటే నాన్న మోచెయ్యి ఆనించి ఆనించి అరిగిన ఆ కిటికీ అంచుకి విలువ ఉందని పెద్దవాళ్లు కూడా ఒప్పుకున్నట్టే.

ఇందులో ఉన్న ఇబ్బంది ఒకటే, కారు నడవదు. నడవని కారు మీద ఇంట్లోవాళ్ల ప్రేమ ఎన్నాళ్లో ఉండదు. అందుకే దీన్ని నడిపించుకునే దారితో కలిపేస్తాను నేను. పైన ముట్టుకోవద్దు, లోపల యంత్రం మాత్రం బాగుచేసుకోండి.

నడిచే స్థితికి తేవడం

ఇక్కడ వరస ముఖ్యం. అందరికీ ముందు ఇంజన్ శబ్దం వినాలని ఉంటుంది. మేమూ అదే చేశాం. ఇంజన్ పలికిన సంబరంలో అన్నయ్య గేరు వేసి షెడ్డు బయటికి తెచ్చాడు. బ్రేకు తొక్కితే పెడల్ పూర్తిగా నేలకి ఆనింది. హ్యాండ్‌బ్రేకు లాగితే తీగ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. ఎదురుగా ఇసుక కుప్ప, దాని పక్కన గోడ ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. కుడి మడ్‌గార్డు మీది సొట్ట అప్పటిదే.

కాబట్టి మొదట బ్రేకులు. పాత కార్లు చాలావాటిలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను ఉంటుంది. చక్రం దగ్గర బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్ ఒక్కటి కారినా బ్రేకు మొత్తం పోతుంది. బ్రేకు ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి నిలవున్న ఆ నీరు సిలిండర్‌ని లోపలినుంచే తినేస్తుంది. విప్పి, గుడ్డతో తుడిచి, వేలు పెట్టి చూడండి. గోడ అద్దంలా ఉంటే రబ్బరు కిట్టు మారిస్తే చాలు. గోటికి గుంటలు తగిలితే కిట్టు వేసినా కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది. అప్పుడు కొత్త సిలిండరో, పాతదానికే ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించడమో. కొత్తది దొరికితే కొత్తదే తీసుకోండి. అరుదైన మోడల్‌కి స్లీవే దిక్కు.

రబ్బరు హోసుల విషయంలో రెండో మాటే లేదు, మార్చాల్సిందే. పైకి బాగానే కనిపించి లోపల ఉబ్బిన హోసు బ్రేకు పట్టనిస్తుంది కానీ వదలనివ్వదు, చక్రం వేడెక్కిపోతుంది. డ్రమ్ములో దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి.

బ్రేకు ఆయిల్‌లో మామూలు రకం డాట్ 4, సిలికాన్‌తో చేసే డాట్ 5 రెండూ దొరుకుతాయి. డాట్ 5 నీళ్లు పీల్చదు, పెయింటు మీద పడినా పాడుచేయదు, ఎక్కువకాలం కదలకుండా ఉండే కారుకి అదే మేలని కొందరు వేస్తారు. కానీ పాత ఆయిల్‌తో అది కలవకూడదు, వేయాలంటే లైను మొత్తం శుభ్రం చేసి రబ్బర్లన్నీ కొత్తవి వేయాలి. పైగా గాలి బుడగలు పట్టుకుంటే పెడల్ మెత్తగా దిగుతుంది. నేను డాట్ 4 వేసి రెండేళ్లకోసారి మారుస్తున్నాను. డాట్ 5.1 పేరు చూసి కంగారుపడకండి. అది సిలికాన్ కాదు, డాట్ 4 వర్గమే.

తర్వాత ఇంజన్. తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాలన్న కోరిక ఆపుకోండి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి అతుక్కుని ఉంటే ఆ ఒక్క దెబ్బకే విరగొచ్చు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో తుప్పు వదిలించే నూనె కొంచెం పోసి, ప్లగ్గు రంధ్రాలు గుడ్డతో మూసి, వదిలేయండి. రోజుకోసారి ముందున్న పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి మెల్లగా అటూ ఇటూ ఒత్తండి. మా ఇంజన్ పది రోజులు రాయిలా కూర్చుంది. పదకొండో రోజు స్పానర్ ఒక అంగుళం జరిగింది. అది కదిలిందా, నా చెయ్యి జారిందా అని అన్నయ్యని పిలిచి ఆయన చేత కూడా తిప్పించాను. నెల రోజులకీ కదలకపోతే హెడ్డు విప్పక తప్పదు. పొడుగు పైపు తగిలించి బలవంతంగా తిప్పితే ఖర్చు పెంచుకోవడమే.

కదిలాక కూడా వెంటనే స్టార్ట్ చేయకండి. ఇంజన్ ఆయిల్ మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పితే ఆయిల్ ప్రెషర్ ముల్లు లేస్తుంది. అది లేచాకే ప్లగ్గులు బిగించాలి. ఎయిర్ ఫిల్టర్ తెరిచి చూడటం మర్చిపోవద్దు. మాదాంట్లో దూది, కాగితం ముక్కలు, ఒక ఎలుక సంసారం మొత్తం బయటపడ్డాయి.

పెట్రోలు ట్యాంకుకి మూడు పద్ధతులున్నాయి: కడిగించడం, లోపల పూత పోయించడం, కొత్తది వేయడం. తుప్పు కొంచెమే అయితే కడిగితే సరిపోతుంది. పూత మీద నాకు గురి లేదు. లోపల తుప్పు, జిడ్డు పూర్తిగా పోకుండా పోస్తే కొన్నాళ్లకి పొరలుగా ఊడి కార్బ్యురేటర్‌లోకి చేరుతుంది, దాన్ని బయటికి తీయడం నరకం. కొత్త ట్యాంకు దొరికే మోడల్ అయితే ఆలోచించకుండా మార్చేయండి. ఖాళీ ట్యాంకు కదా అని మాత్రం వెల్డింగ్ పెట్టించొద్దు, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. పాత పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే కొత్త రబ్బరువి వేయించండి. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ పాత రబ్బర్లని కరిగించి, పగలగొట్టేస్తుంది.

సీసం లేని పెట్రోలు గురించి చాలామందికి టెన్షన్. లోకంలో కార్లకి సీసం పెట్రోలు అమ్మిన ఆఖరి దేశం అల్జీరియా, అక్కడా 2021లో ఆగిపోయింది. పాత పోత ఇనుము హెడ్డుల్లో వాల్వు సీట్లకి ఆ సీసమే మెత్తలా పనిచేసేది. అది లేకపోతే సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. అయితే అది గంటల తరబడి వేగంగా తోలితే వచ్చే సమస్య. ఆదివారం మెల్లగా తిప్పే కారుకి దీనికోసమే హెడ్డు విప్పనక్కర్లేదు. టప్పెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండండి, వేరే పనికి హెడ్డు దిగినప్పుడు గట్టి సీట్లు వేయించేయండి.

గేరు ఆయిల్‌కి ఖరీదైనది మంచిదన్న లెక్క పనికిరాదు. పాత గేరుబాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి, కంచు సింక్రో రింగులుంటాయి. జీఎల్-5 రకం నూనెలు చాలావాటిలో ఉండే గంధకపు రసాయనాలు వాటిని తినే ప్రమాదం ఉంది. గేరుబాక్సుకి జీఎల్-4, వెనక డిఫరెన్షియల్‌కి కారు మాన్యువల్ ఏం చెబితే అది.

టైర్ల గురించి ఒక్క మాట. 2000 నుంచి తయారైనవాటికి పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2309 అంటే 2009లో 23వ వారం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటితే పారేయండి. కారు పాతకాలపు అల్లిక ఉన్న క్రాస్‌ప్లై టైర్లతో వచ్చినదైతే రేడియల్స్ వేస్తే తిన్నగా పోతుంది, కాకపోతే రిమ్ము వాటికి తగినదో కాదో అడిగి వేయించుకోండి. రెండు రకాలూ ఒకే యాక్సిల్ మీద కలపకూడదు.

చిన్న మార్పులు: ఏది ఒప్పుకోవచ్చు

స్పార్కుని వేళకి పుట్టించే పాత కాంటాక్ట్ పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే స్టార్టింగ్ సుఖం. డిస్ట్రిబ్యూటర్ లోపలే ఇమిడిపోతుంది, బయటికి తెలియదు. నేను వేశాను. పాత పాయింట్ సెట్టు మాత్రం డిక్కీలోనే ఉంచుతాను, ఎందుకంటే పాయింట్లు చెడితే దారి పక్కన గీకి సరిచేసుకోవచ్చు, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ చెడితే ఇక కారుని తాడు కట్టి లాగించాల్సిందే. కొనేముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసి ఉందో చూడండి. 1960ల నడుమ వరకూ వచ్చిన బ్రిటిష్ కార్లు చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. నెగెటివ్‌కి చేసిన మాడ్యూల్ తగిలిస్తే ఆ క్షణమే కాలిపోతుంది.

బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో తీసి, అంతకంటే ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేయడం రాత్రిళ్లు తిప్పేవాళ్లకి ఉపయోగం. పగటిపూట తిప్పే కారుకి డైనమో చాలు. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, సీటు బెల్టులు మాత్రం నేను సంతోషంగా ఒప్పుకుంటాను. పిల్లల్ని ఎక్కించుకునే కారులో అసలుతనం గురించి వాదించను.

ఇంజన్ తీసేసి బ్యాటరీ, మోటారు పెట్టించడం ఇప్పుడు వినిపిస్తున్న మాట. 2017లో జాగ్వార్ తన ఈ-టైప్‌ని కరెంటు మీద నడిపి చూపించాక మోజు పెరిగింది. పొగ లేదు, మరమ్మతులు తక్కువ. కానీ ఖర్చు పూర్తి రెస్టొరేషన్‌కి దీటుగా ఉంటుంది. బరువు పంపకం మారితే స్ప్రింగులు, బ్రేకులు కూడా చూసుకోవాలి. అనుమతులు సరేసరి. ఇంజన్ ముక్కలై పోయి, విడిభాగాలు ఎక్కడా దొరకని కారుకైతే ఆలోచించండి. కోయకుండా, రంధ్రాలు కొట్టకుండా బిగించేవాళ్లకే ఇవ్వండి, తీసిన ఇంజన్ పారేయకండి.

పూర్తిగా విప్పించేవాళ్లకి

అడుగు పోయిన కారు, చేతిలో డబ్బు, ఏళ్ల తరబడి ఓపిక, మూడూ ఉంటేనే. మేస్త్రీ చెప్పిన అంచనాకి ఇంకో సగం కలుపుకోండి, తుప్పు అసలు లోతు పెయింటు గీకాకే బయటపడుతుంది మరి. విప్పే ప్రతి వస్తువునీ విప్పకముందు ఫొటో తీయండి, బోల్టులు ఏ భాగానివి ఆ కవర్లో వేసి పేరు రాయండి. దొరకదని తెలిసిన గాజు, క్రోమ్, రబ్బరు బీడింగులు ముందే వెతుక్కోండి. చివర్లో పని ఆగిపోయేది వీటి దగ్గరే.

పని ఎవరికి ఇవ్వాలంటే, పెయింటు బాగా వేసే చోటు, ఇంజన్ బాగా చేసే చోటు ఒకటే కావడం అరుదు. పాత కార్ల మీద పెరిగిన ముసలి మేస్త్రీ చెవితోనే కార్బ్యురేటర్ సర్దుతాడు, కానీ రెండు నెలలన్నది ఎనిమిది నెలలవుతుంది. ప్రత్యేక వర్క్‌షాపు లెక్కగా చేస్తుంది, బిల్లూ లెక్కగానే వేస్తుంది. నేను నమ్మేది చివరిసారి చేసిన కారుని, అది ఇప్పుడు రోడ్డు మీద ఉంటే, చూపించమని అడగడం. ఫొటోలు చూపిస్తే సరిపోదు. డబ్బు పనిని బట్టి విడతలుగా ఇవ్వండి. మాకు తెలిసిన ఒక పెయింటర్ మొత్తం ముందే తీసుకుని, కారుని ప్రైమర్ దశలోనే ఆరుబయట వదిలేశాడు. ప్రైమర్ చాలా రకాలు నీటిని ఆపవు. ఆ రేకు ఒక్క వానాకాలంలో మళ్లీ ఎర్రబడింది.

మా కారుకి పెయింటు వేయించలేదు. ఏడాది నడిపాక అన్నయ్యే వద్దన్నాడు. కుడి మడ్‌గార్డు సొట్ట కూడా తీయనివ్వడం లేదు, "అది నా సంతకంరా" అంటాడు.

ఇచ్చేయాలనుకుంటే

అది తప్పేం కాదు. నీడ లేక, సమయం లేక ఇంకో పదేళ్లు కుళ్లబెట్టడం కంటే నయం. ముందు రిజిస్ట్రేషన్ కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో, వారసుల సంతకాలు కావాలేమో చూసుకోండి. కారు ఎంత మంచిదైనా బేరం ఆగేది అక్కడే. అమ్మేముందు రంగేయించకండి, కొనేవాడు కింద ఏం దాచారోనని అనుమానిస్తాడు. స్టార్ట్ చేసి చూపించాలని తొందరపడకండి. కడిగి, ఎండలో నిలబెట్టి, తుప్పుతో సహా ఫొటోలు తీయండి. తాళాలు, పాత బిల్లులు, ఇంట్లో మూలనున్న హబ్‌క్యాప్ లాంటివన్నీ వెతికి పెట్టండి. మధ్యలో ఎవరైనా కార్బ్యురేటర్ విప్పి ఉంటే దాని జెట్లు, స్క్రూలు అన్నీ ఒకే డబ్బాలో వేసి, మూత మీద పేరు రాసి ఇవ్వండి.